ఒడ్డున ఉండే మనిషి

మే నెల మిట్టమధ్యాహ్నం ఆటోనగర్‌లోని ఐస్ ఫ్యాక్టరీకి ఒకమ్మాయి వచ్చి, "నన్ను కాసేపు మీ కోల్డ్ రూములో పెట్టి తలుపేస్తారా?" అని అడిగితే, ఆ పిల్లకి వడదెబ్బ తగిలిందని ఎవరైనా అనుకుంటారు. ఫ్యాక్టరీ ఓనరు చిట్టిబాబు కూడా అదే అనుకున్నాడు. కుర్చీ జరిపి, మంచినీళ్ల సీసా మూత తీసిచ్చి, కళ్లు తిరుగుతున్నాయా అని ఎంతో మర్యాదగా అడిగాడు.

ఆ అమ్మాయికి కళ్లు తిరగడం లేదు. కోపం మాత్రం వస్తోంది. తన పేరు రుచిత అనీ, సొంతూరు ఉయ్యూరనీ, గవర్నరుపేటలో బ్యాంకు ఆఫీసరుగా పనిచేస్తున్నాననీ, మతి పూర్తిగా ఉందనీ వరసగా చెప్పి, భుజాన వేలాడుతున్న పొడవాటి సంచి విప్పింది. అందులోంచి రెండు సన్నటి పలకలు, ప్లాస్టిక్ బూట్లు, దళసరి చేతి తొడుగులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది.

"మా కోల్డ్ రూములో రొయ్యల్ని పెడతామండీ. మనుషుల్ని పెట్టం," అన్నాడు చిట్టిబాబు.

"రొయ్యలతో నాకేం గొడవ లేదు. ఒక మూల నిలబడతాను."

ఆ పలకల్ని స్కీలంటారని ఆమె చెప్పింది. మంచు కొండల మీద లిఫ్టులో పైకెళ్లి జారేవాళ్లని టీవీలో చిట్టిబాబు చూశాడు. రుచిత జట్టు అలా కాదు. లిఫ్టు లేని కొండలకే పోతారు. స్కీల అడుగున నూగున్న పట్టీలు అంటిస్తారు. నూగు వల్ల స్కీ ముందుకు జారుతుంది కానీ వెనక్కి జారదు. అలా ఒక్కో అడుగూ నడుచుకుంటూ కొండెక్కి, పైన పట్టీలు పీకేసి, జారుకుంటూ కిందికొస్తారు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగొస్తారు. పోయిన చలికాలం ఆ పట్టీల జిగురు కొండ మధ్యలో వదిలేసింది. ఇప్పుడు కొత్తవి కొంది. అంత చలిలో పట్టు నిలుస్తుందో లేదో చూడాలంటే, ఈ ఎండల్లో విజయవాడ మొత్తానికీ కోల్డ్ రూమే దిక్కు.

చిట్టిబాబు శ్రద్ధగా విన్నాడు. విని, "అంత కష్టపడి ఎక్కేది మళ్లీ దిగడానికేనా?" అన్నాడు.

"అవును."

"అయితే కిందే ఉండొచ్చు కదండీ."

రుచిత నవ్వింది. కోపంగా ఉన్న మనిషి మధ్యలో నవ్వితే ఆ నవ్వుకి ఒక అందం ఉంటుంది. చిట్టిబాబు తాళాలు తీసుకుని లేచాడు.

ఆమెను లోపల పెట్టి తలుపు వేశాడు గానీ అతని కాలు నిలవలేదు. తలుపు కొట్టి బాగానే ఉన్నారా అని అడిగాడు. ఆమె ఉన్నానంది. మళ్లీ కొట్టాడు. మూడోసారి కొట్టేబదులు తనే కోటు తొడుక్కుని లోపలికి పోయాడు. పట్టీలు నిక్షేపంగా అంటుకునే ఉన్నాయి. రుచిత మాత్రం రొయ్యల పెట్టెల మీద పెట్టిన తన ఫోన్ చూపించింది. వచ్చేటప్పుడు నిండుగా ఉన్న బ్యాటరీ సగానికి పడిపోయింది.

"చూశారా? చలికి ఫోన్ తట్టుకోలేదు. కొండ మీద నాకు ఫోన్ చేశారనుకోండి, మోగీ మోగీ చచ్చిపోతుంది. అప్పుడు నిజంగా అవసరమొచ్చినా పనికిరాదు."

తనెందుకు ఫోన్ చేస్తానని చిట్టిబాబు అడగలేదు. ఆ మాట అతనికి తెగ నచ్చింది.

జిగురు పరీక్ష ఆ ఒక్క రోజుతో అయిపోవాలి. కానీ తర్వాతి వారం చేతి తొడుగుల పరీక్ష వచ్చింది. ఆ తర్వాత బూట్లు. వానలు మొదలయ్యాయి, కాలవలకి నీళ్లు వదిలారు, రుచిత పరీక్షలు మాత్రం అయ్యేట్టు కనిపించలేదు. ఒకసారి జోరువానలో ఫ్యాక్టరీ రేకుల కింద ఇద్దరూ నిలబడిపోయారు. పక్కన వ్యాన్‌లోకి ఎక్కిస్తున్న ఐస్ దిమ్మల మీంచి తెల్లటి ఆవిరి లేచి ఆమె చుట్టూ తిరిగింది. "ఇవాళ దేనికి పరీక్ష?" అని అడిగాడు చిట్టిబాబు. రుచిత కాసేపు ఆలోచించి, "ఇవాళ ఏమీ తేలేదు. ఊరికే వచ్చాను," అంది. ఆపరేటర్ ఫిలిప్ ఆ మాట విని లోపలికెళ్లి, అవసరం లేకపోయినా కంప్రెసర్ తుడవడం మొదలుపెట్టాడు.

చిట్టిబాబు పిరికివాడనుకుంటే పొరపాటు. అమ్మోనియా లీకైతే అందరికంటే ముందు ముక్కుకి గుడ్డ కట్టుకుని వాల్వు దగ్గరికి పోయేది అతనే. తన గురించి అతనికి ఏ భయమూ లేదు, భయమంతా బయటికెళ్లిన వాళ్ల గురించే. బందరు నుంచి చేపల వ్యాను రావడం కాస్త ఆలస్యమైతే డ్రైవరుకి ఆపకుండా ఫోన్లు చేస్తాడు. డ్రైవర్లు అతన్ని చాటుగా అత్తగారని పిలుస్తారు.

అది చిన్నప్పుడు పట్టుకున్న జబ్బు. నాన్న గంగరాజు బందరు దగ్గర సముద్రం మీదికి వేటకి వెళ్లేవాడు. చిట్టిబాబు బడి మానేసి మరీ ఒడ్డున కూర్చుని నీళ్లకేసి చూసేవాడు. పెద్దయ్యాక పడవ జోలికి పోకుండా ఐస్ ఫ్యాక్టరీ పెట్టాడు. ఐస్ కరిగినా కళ్లముందే కరుగుతుంది, చెప్పకుండా ఎక్కడికీ పోదు. గంగరాజు ఏనాడూ సముద్రంలో పోలేదు, నాలుగేళ్ల కిందట ఇంట్లోనే జబ్బు చేసి పోయాడు. అయినా కొడుకు భయం మాత్రం తగ్గలేదు.

అమ్మ గంగారత్నం తీరు వేరు. మొగుడు వేటకి వెళ్లిన రోజు వల బాగుచేసుకునేది, పక్కింటి వాళ్లతో కబుర్లాడేది, పొద్దు గుంకేదాకా ఒడ్డు వైపు తలెత్తి చూసేది కాదు. పొద్దు గుంకాక మాత్రం ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. పక్క పడవల వాళ్లని లేపి, తిట్టి, బతిమాలి సముద్రం మీదికి పంపేది. ఇప్పుడు రోజూ క్యారియర్ పట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చి, ఆఫీసు గదిలో మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.

డిసెంబరులో రుచిత అసలు సంగతి బయటపెట్టింది. కొండకి వెళ్లే ప్రతి మనిషీ కింద ఇంకో మనిషిని పెట్టుకుని వెళ్లాలి. ఏ కొండకి వెళుతున్నదీ, ఎవరితో వెళుతున్నదీ, ఏ వేళకి తిరిగొస్తున్నదీ ఆ మనిషికి చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ పని చేసిన స్నేహితురాలు సింధూరి పెళ్లయి బెంగళూరు వెళ్లిపోయింది, చేతిలో చంటిపిల్ల. ఇంట్లో చెప్పే దారి లేదు. చండీగఢ్‌లో బ్యాంకు ట్రైనింగుకి వెళ్లినప్పుడు అంటుకున్న పిచ్చి ఇది. అమ్మానాన్నల దృష్టిలో ఆమె ప్రతి చలికాలం ఇంకా ఆ ట్రైనింగుకే వెళుతోంది.

"అంటే ఒడ్డున ఉండే మనిషన్నమాట," అంది గంగారత్నం మంచం మీంచి.

రుచిత ఆమె వైపు తిరిగి, "సరిగ్గా అదేనండీ," అంది. తర్వాత చిట్టిబాబుకి మూడు షరతులు చెప్పింది. గడువుకి ముందు ఫోన్ చేయకూడదు. గడువు దాటాక ఆగకూడదు, అక్కడి రెస్క్యూ వాళ్లకి వెంటనే చెప్పాలి. రెస్క్యూ దాకా పోతే నాన్నకీ చెప్పాలి. "ఫోన్లో మాత్రం చెప్పొద్దు. ఆయనకి బీపీ ఉంది. వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి," అంది. అంటూ నవ్వింది. అంతదాకా రాదని ఆ నవ్వుకి అర్థం. నాన్న వెంకటకృష్ణారావు నంబరూ, అమ్మ రామతులసి పేరూ, ఉయ్యూరులో ఇంటి గుర్తులూ పంపింది.

చిట్టిబాబు ఒప్పుకున్నాడు. ఆమెను వద్దనే హక్కు తనకి లేదు. ఆ హక్కు అడగడానికి ధైర్యమూ లేదు. వాళ్లది ఉయ్యూరులో చెరకు పండించే కుటుంబం, తనది చేపల మీద బతికిన ఇల్లు. ఈ చలికాలం ఆమె క్షేమంగా తిరిగొస్తే చెప్పేయాలనుకున్నాడు. అలా చాలాసార్లు అనుకున్నాడు.

జనవరి ప్రయాణం బాగానే గడిచింది. ఆ రోజు అతను అన్నం తినలేదు, ఫోన్ మాత్రం చేయలేదు. సాయంత్రం కావస్తుండగా రుచిత ఫోన్ చేసి "దిగిపోయాను" అని చెప్పిన ఒక్క మాటకి, వ్యాన్ డ్రైవర్లందరికీ బిర్యానీ తెప్పించాడు. ఎందుకో వాళ్లకి అర్థం కాలేదు, తిన్నారు.

ఫిబ్రవరి ప్రయాణం శనివారం నాడు పడింది. మనాలికి పైనున్న ఒక ఊరి నుంచి గైడూ, ఇంకో ఇద్దరూ, రుచితా పొద్దున్నే బయల్దేరారు. చెట్లు దాటి పైకెళ్లి, గట్టు మీంచి జారి, అదే ఊరికి రావాలి. గడువు సాయంత్రం ఐదు.

మధ్యాహ్నం దాకా చిట్టిబాబు బుద్ధిగానే ఉన్నాడు. భోజనానికి కూర్చుంటూ ఫోన్‌లో అక్కడి వాతావరణం చూశాడు. పొద్దున ఎండ బొమ్మ ఉన్నచోట ఇప్పుడు మబ్బు బొమ్మ ఉంది. మబ్బు కింద చుక్కలున్నాయి. అవి మంచు చుక్కలు.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఒక్కసారి చేస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు. మబ్బు పడుతోందని చెప్పి పెట్టేస్తే చాలు. చేశాడు. ఫోన్ మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు. మోగిందంటే ఫోన్ బాగానే ఉందని ఏ మామూలు మనిషైనా సంతోషిస్తాడు. చిట్టిబాబు మాత్రం, ఆమె తీయలేదంటే ఏమైందోనని మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు. ఆ తర్వాత అతని వేలు అతని మాట వినలేదు. తన సొంత కోల్డ్ రూములో, తన కళ్లముందే సగానికి పడిపోయిన బ్యాటరీ అతనికి ఒక్కసారి కూడా గుర్తురాలేదు. చలి అమ్ముకుని బతికేవాడికే చలి సంగతి తట్టలేదు.

"మీ నాన్న వేటకి పోయినప్పుడు నేను ఒడ్డుకి పోయి కేకలేశానంట్రా?" అంది గంగారత్నం చివరికి విసుగొచ్చి. "ఆయన పని ఆయన చేసుకునేవాడు, నా పని నేను చేసుకునేదాన్ని. ఆ పిల్లని కాసేపు వదిలెయ్."

"నాకు భయమేస్తోందమ్మా."

"నాకేసేది కాదనుకుంటున్నావా?"

ఆ మాటకి చిట్టిబాబు తల్లి మొహంలోకి చూశాడు. వల బాగుచేస్తూ కబుర్లాడే అమ్మే అతనికి తెలుసు. ఆ వల వెనకాల ఏముండేదో ఇన్నేళ్లూ ఆలోచించలేదు. ఫోన్ బల్ల మీద పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతోసేపు కాదు. మళ్లీ చేసేసరికి ఫోన్ స్విచ్ఛాఫ్ వచ్చింది.

అక్కడి నుంచి ఐదయ్యేదాకా అతను పడిన అవస్థ చెప్పడం కష్టం. గైడు ఇంటికి చేస్తే లైను కలవలేదు. ఆ ఊళ్లో మంచుకి కరెంటు పోయి టవరు పనిచేయడం లేదు. మధ్యలో ఎవరిదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రొయ్యల పార్టీ అనుకుని కట్ చేశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశాడు. రుచిత చేసే ఫోన్‌కి దారి ఖాళీగా ఉంచాలి కదా.

ఐదయింది. ఫోన్ రాలేదు.

వింతేమిటంటే, అప్పుడు అతని కంగారు ఆగిపోయింది. రెస్క్యూ నంబరుకి చేసి, వచ్చీరాని హిందీలో కొండ పేరూ, గైడు పేరూ, ఎంతమంది వెళ్లిందీ, ఏ దారిన రావాల్సిందీ తడబడకుండా చెప్పాడు. అవతలి మనిషి అన్నీ రాసుకుని, పైన మంచు పడుతోందనీ, మనుషుల్ని బయల్దేరదీస్తామనీ, సంగతి తెలియగానే చెబుతామనీ అన్నాడు.

మిగిలింది మూడో షరతు. కారు తాళాలు తీసుకున్నాడు. ఈ వార్త చెప్పిన మరుక్షణం తనెవరో, ఇన్ని నెలలూ ఆ ట్రైనింగు అబద్ధంలో తన వాటా ఎంతో వాళ్లకి తెలిసిపోతుంది. రుచిత క్షేమంగా వచ్చినా ఇక ఆ ఇంటి గుమ్మం తనని తొక్కనివ్వరు. ఆమె స్కీలు అటక మీదికి పోతాయి. చెప్పకపోతే ఇంకో గంట ఎవరికీ తెలియదు. చిట్టిబాబు ఇదంతా ఆలోచించాడు, ఆలోచిస్తూనే కారు స్టార్ట్ చేశాడు. నేనిక్కడే కూర్చుంటాను, నువ్వెళ్లు అంది గంగారత్నం. ఈసారి ఆమె కాళ్లు చాపుకుని కూర్చోలేదు.

కంకిపాడు దాకా బండి బాగానే వచ్చింది. అక్కడ చెరకు లోడుతో ఉన్న ట్రాక్టరొకటి వెనక ట్రక్కు ఇరుసు విరిగి రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. ఎటు బండ్లు అటే ఆగిపోయాయి. అవతలి వైపు నుంచి ఒక పాత ఆల్టో సందు చూసుకుని సరిగ్గా చిట్టిబాబు కారు ముందుకొచ్చి ఇరుక్కుంది. అందులోంచి తెల్ల చొక్కా పెద్దాయన దిగాడు. చిట్టిబాబు కూడా దిగాడు.

"వెనక్కి తియ్యి బాబూ, నేను అర్జెంటుగా పోవాలి," అన్నాడు పెద్దాయన.

"నాకూ అర్జెంటేనండీ. మీరే కొంచెం వెనక్కి తీయండి."

"నాది మనిషి ప్రాణానికి సంబంధించిన పని."

"నాదీ అంతే," అన్నాడు చిట్టిబాబు.

పెద్దాయన అతని మొహం చూశాడు. ఏమనుకున్నాడో, వెళ్లి తన ఆల్టోని వెనక్కి తీసి, పంచె పైకి కట్టి, ట్రాక్టరు డ్రైవరు మీద కేకలేస్తూ చెరకు కట్టల్ని తనే పక్కకి లాగడం మొదలుపెట్టాడు. చిట్టిబాబు కూడా వెళ్లి చేయి వేశాడు. దారి ఏర్పడగానే, ముందు నువ్వెళ్లమని చేత్తో సైగ చేశాడు ఆయన. ఒకరికొకరు పేరైనా చెప్పుకోకుండా ఆయన విజయవాడ వైపు, ఇతను ఉయ్యూరు వైపు వెళ్లిపోయారు.

చక్కెర ఫ్యాక్టరీ వాసన తగిలేసరికి చీకటి పడుతోంది. ఇల్లు తేలిగ్గానే దొరికింది. గుమ్మంలో రుచిత పోలికలున్న ఒకావిడ నిలబడి ఉంది. చిట్టిబాబు దారి పొడవునా తయారుచేసుకున్న మాటలన్నీ ఆ పోలిక చూడగానే పోయాయి.

"రామతులసి గారాండీ? నా పేరు చిట్టిబాబు. ఆటోనగర్‌లో మాకు ఐస్ ఫ్యాక్టరీ ఉంది. మీరు ముందు కూర్చోండి. అంకుల్ గారిని కూడా పిలవండి. మీకో మాట చెప్పాలి."

"దిగిపోయింది బాబూ," అంది రామతులసి.

అతనికి అర్థం కాలేదు.

"అమ్మాయి కొండ దిగిపోయింది. ఐదు కాకముందే ఫోన్ చేసింది. నీకు చెప్పడానికే ఆయన విజయవాడ బయల్దేరారు. నా ఫోన్లోంచి నీకు రెండుసార్లు చేశాం, కట్ చేశావు."

చిట్టిబాబు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె మంచినీళ్లు తెచ్చింది. తర్వాత నెమ్మదిగా అంతా చెప్పింది.

పైన మబ్బు పట్టగానే గైడు గట్టు మీంచి జారడం ప్రమాదమన్నాడు. అందరూ ఆ దారి వదిలేసి కొండకి అవతలి వైపు ఊరికి దిగారు. రుచిత ఫోన్ అప్పటికే చచ్చిపోయింది. మిగతావాళ్ల ఫోన్లకి అక్కడ సిగ్నల్ లేదు. టీ కొట్టు ఆయన ఫోన్ తీసుకుంది గానీ చిట్టిబాబు నంబరు ఆమెకి గుర్తులేదు. ఈ కాలంలో ఎవరి నంబరు ఎవరికి గుర్తుంటుంది? ఆమెకి నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, చిన్నప్పుడు తప్పిపోతే చెప్పమని నాన్న బట్టీ పట్టించినది.

"అబద్ధం ఆడినందుకు ఆయన ఫోన్లోనే తిట్టబోయారు. అదేమందో తెలుసా? 'తిట్లు తర్వాత తింటాను నాన్నా, ముందు ఐస్ ఫ్యాక్టరీ చిట్టిబాబు గారికి చెప్పండి. గడువు దాటితే ఆయన తట్టుకోలేరు' అంది. కొండ మీంచి అంత కష్టపడి దిగొచ్చిన పిల్ల, తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఫ్యాక్టరీ నంబరు ఇక్కడి చేపల మార్కెట్లో అడిగి తెచ్చారు. నువ్వు తీయకపోయేసరికి ఇక ఆగలేదు. అంతగా ఆలోచించే మనిషి ఎవడో చూడాలి అని వెళ్లిపోయారు."

చిట్టిబాబు ఏడ్చాడు. దాచుకోవాలని కూడా అనిపించలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని రెస్క్యూ వాళ్లకి ఫోన్ చేసి, అందరూ క్షేమమని చెప్పి, క్షమాపణ అడిగాడు. ఇలాంటి ఫోన్లే మాకు కావాలి, క్షమాపణ ఎందుకన్నాడు అవతలి మనిషి.

తర్వాత అమ్మకి చేశాడు. ఆమె గొంతులో నవ్వుంది. "ఇక్కడ ఉయ్యూరు నుంచి పెద్దాయన వచ్చార్రా. చేపల పులుసుతో అన్నం పెడితే వద్దనకుండా తింటున్నారు. దారిలో ఎవడో కుర్రాడు అడ్డమొచ్చాడంట, పాపం వాడి మొహం చూస్తే జాలేసి దారి ఇచ్చానంటున్నారు." చిట్టిబాబు కళ్లు మూసుకుని గోడకి ఆనుకున్నాడు.

అంతలో రామతులసి ఫోన్ మోగింది. టీ కొట్టు నుంచి రుచిత, వాళ్ల నాన్నని అడిగి ఈ నంబరు తీసుకుందట. ఆమె ఎత్తి, చిట్టిబాబు ఇక్కడే ఉన్నాడని చెప్పి, ఫోన్ అతని చేతికిచ్చింది. ఇచ్చి పక్కకి పోలేదు.

"ఎన్నిసార్లు చేశారు?" అంది రుచిత. దిగాను అని కూడా అనలేదు.

"లెక్కపెట్టలేదండీ."

"చలికి బ్యాటరీ ఏమవుతుందో మీకు చూపించానా లేదా? మీ కోల్డ్ రూములోనే?"

"చూపించారు."

"మరి?"

"మంచు పడుతోందని చూశాను. మీరు రాకపోతే అనుకున్నాను. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు." ఎదురుగా వాళ్లమ్మ ఉందని అతనికి తెలుసు. అయినా ఆగలేకపోయాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. చాలా రోజుల నుంచి. మిమ్మల్ని కొండకి వద్దని ఎప్పుడూ అనను. కానీ ఒడ్డున కూర్చోవడం నాకింకా సరిగ్గా రాలేదు. మా అమ్మ దగ్గర నేర్చుకుంటాను."

అవతల గాలి చప్పుడొకటే వినిపించింది. తర్వాత, "ఫోన్ అమ్మకివ్వండి," అంది రుచిత.

ఆ రాత్రి నుంచి సోమవారం దాకా చిట్టిబాబుకి ఆ రెండు ముక్కలే చెవుల్లో మోగాయి. ఇష్టమైతే అలా అంటుందా? ఇష్టం లేకపోతే అంత నెమ్మదిగా అంటుందా? ఫిలిప్‌ని అడిగితే, మేడమ్ గారు ఫోన్ అమ్మకివ్వమన్నారంటే ఫోన్ అమ్మకివ్వమని అర్థం సార్ అన్నాడు. ఇన్ని ఆలోచనల్లోనూ అతను రుచితకి ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ఆ సంగతి గంగారత్నం గమనించింది.

సోమవారం రుచిత వచ్చేరోజు. రుచిత నాన్న వెంకటకృష్ణారావే ఫోన్ చేసి, గన్నవరం ఎయిర్‌పోర్టుకి రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. చిట్టిబాబు వెళ్లేసరికి బయట రెయిలింగు దగ్గర తెల్ల చొక్కాతో నిలబడి ఉన్నారు. కంకిపాడు పెద్దాయనే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన మీసం కింద నవ్వు కనిపించింది.

"ఆ రోజు ప్రాణానికి సంబంధించిన పని అన్నావు," అన్నారాయన. "మా అమ్మాయి ప్రాణం గురించా, నీ ప్రాణం గురించా?"

"అప్పుడు రెండూ ఒకటేనండీ," అన్నాడు చిట్టిబాబు. ఆయన తలుపుల వైపు తిరిగి, ఈ కొండల సంగతి మొదటిసారి తెలిసినప్పుడు తనకి కూతురి మీద కోపం కంటే సిగ్గేసిందన్నారు. భయపడతాడనే కదా తండ్రికి చెప్పకుండా ఇంకొకరికి చెప్పుకుంది.

విమానం వచ్చింది. పొడవాటి సంచి ముందు కనిపించింది, దాని వెనకాల రుచిత. ఎండకీ మంచుకీ ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది. చిట్టిబాబుకి అంత అందమైన ముక్కు ఎప్పుడూ కనిపించలేదు.

"ట్రైనింగ్ బాగా జరిగిందా అమ్మా?" అన్నారు వెంకటకృష్ణారావు.

రుచిత తల దించుకుంది. నాన్న చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత చిట్టిబాబు వైపు తిరిగింది.

ఆమె బాగున్నారా అనలేదు. కళ్లు మూసుకుని, బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్కో అంకె చెప్పడం మొదలుపెట్టింది. మూడో అంకె దాకా వచ్చేసరికి అది తన ఫోన్ నంబరేనని చిట్టిబాబుకి అర్థమైంది. ఆఖరి అంకె చెప్పి కళ్లు తెరిచింది.

"విమానంలో దారంతా ఇదే బట్టీ పట్టాను. ఇంకోసారి నా ఫోన్ చచ్చిపోతే, ఎవరి ఫోన్ దొరికినా ముందు నీకే చేస్తాను."

ఇన్ని నెలల్లో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

వెంకటకృష్ణారావు చిన్నగా దగ్గారు. "మరి నాకు?"

"తర్వాత మీకు నాన్నా."

ఆ పిల్లకి తన నంబరు బట్టీ పట్టించినప్పుడు ఆమె ఆయన మోకాలంత ఉండేది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, 'ఐస్ ఫ్యాక్టరీ అబ్బాయి' అని రాసుకున్న పేరు వెతికారు. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి, మళ్లీ చెప్పమన్నారు. రుచిత మళ్లీ చెప్పింది. ఆయన చివరిదాకా సరిచూసుకుని, ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

"నంబరు కరెక్టే. మా ఇంటిదాకా నువ్వే నడుపు," అని, ఆల్టో తాళాలు తీసి చిట్టిబాబు చేతిలో పెట్టారు.